కోరంగి రేవు, ఫ్రెంచి నవల

1814 మే 30న ప్యారిస్‌లో కుదిరిన సంధిలో గోదావరి డెల్టాకి కూడా వాటా ఉంది. యుద్ధాల్లో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్న భారతదేశపు ఫ్రెంచి స్థావరాలను తిరిగి ఇచ్చేయాలని అందులో రాసుకున్నారు. అలా గౌతమి ఒడ్డునున్న యానాం మళ్లీ ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చింది. అదే సంధి హిందూ మహాసముద్రంలో ‘ఈల్ ద ఫ్రాన్స్’ అనే దీవిని మాత్రం ఇంగ్లీషువాళ్ల దగ్గరే ఉంచేసింది. దానికి మారిషస్ అన్న పాత పేరు మళ్లీ ఖాయమైంది. ఒక్క కాగితంతో తెలుగు మాట్లాడే ఊరి మీద ఫ్రెంచి జెండా, ఫ్రెంచి మాట్లాడే దీవి మీద ఇంగ్లీషు జెండా ఎగిరాయి. జెండాని బట్టే భాష వస్తుందనుకుంటే తెలుగువాళ్ల ఇంట ఫ్రెంచి నవల యానాంలో పుట్టాలి. అది పుట్టింది ఇంగ్లీషువాళ్లు ఏలిన మారిషస్‌లో, చెరుకు తోటల్లో కూలికి పోయిన తెలుగువాళ్ల మునిమనవరాళ్ల చేత. వాళ్లలో అందరికన్నా పెద్ద పేరు ఆనంద దేవి. ఫ్రెంచితో డెల్టా అనుబంధం అనగానే మన చరిత్రకారులు యానాంలోని దొరల బంగళాలు, దివాన్ల వంశాలు, విలీన పోరాటం చెప్పి ఆగిపోతారు. ఆ అనుబంధంలో లోతుగా దిగిన పాయ యానాంది కాదు, దానికి కొద్ది మైళ్ల దూరంలోని కోరంగి రేవుది. ఆనంద దేవి నవలల్ని పరదేశపు సాహిత్యమని పక్కన పెడితే డెల్టా చరిత్రలో ఒక అధ్యాయం చిరిగిపోయినట్టే.

ముందు యానాం సంగతి చూద్దాం. 1723లో ఫ్రెంచివాళ్లు అక్కడ తొలిసారి దిగారు, లాభం లేదని వదిలేశారు, 1731లో మళ్లీ వచ్చారు. మధ్యలో ఇంగ్లీషువాళ్లు ఆక్రమించిన ఏళ్లు తీసేసినా 1954 దాకా, అంటే రెండు శతాబ్దాలకు పైగా ఆ జెండా నీడ ఉంది. అంతకాలం ఉన్న భాష జనం నోట్లోకి ఎందుకు దిగలేదు? చుట్టూ తెలుగు సముద్రం, మధ్యలో నాలుగైదు ఊళ్ల ముక్క. ఫ్రెంచి వచ్చినవాడికి కచేరీలో గుమాస్తాగిరీ దొరికేది, పుదుచ్చేరి దాకా పోతే ఇంకొంచెం పెద్ద ఉద్యోగం, అదృష్టం బాగుంటే ఫ్రెంచివాళ్లే ఏలిన సైగాన్‌లో కొలువు. ఆ భాష జీతం తెచ్చింది గాని గడప దాటి లోపలికి రాలేదు. దొరలు కూడా రానివ్వాలనుకోలేదు; మీ ఆచారాలు మీవి, మీ పెళ్లిళ్లు మీవి అని వదిలేశారు. దీనికి మన తాతల తరానికి బాగా తెలిసిన రుజువు ఉంది. 1929లో వచ్చిన శారదా చట్టం మరుసటి ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి, 14 ఏళ్లు నిండని ఆడపిల్లకి పెళ్లి చేయడం నేరమైనప్పుడు బ్రిటిషు గోదావరి జిల్లాల నుంచి పెళ్లివారు మేళతాళాలతో యానాం దారి పట్టారు. సరిహద్దు దాటి, మూడు ముళ్లు వేయించి, మళ్లీ ఇంటికి. స్వేచ్ఛ, సమానత్వం అని పాఠం చెప్పిన ఫ్రాన్సు జెండా కింద ఎనిమిదేళ్ల పిల్లకి పుస్తె కట్టడానికి ఏ అడ్డూ లేకపోయింది. ఆడవాళ్ల బతుకుని తాకకుండా పక్కనుంచి పోయిన భాష ఆడవాళ్ల చేత నవల రాయించదు.

ఇక కోరంగి. ఈనాడు అక్కడ మడ అడవి, అభయారణ్యం, పడవ షికారు. 18వ శతాబ్దంలో అది కలకత్తాకీ తిరుకోణమలకీ మధ్య పెద్ద ఓడలు మరమ్మతుకి ఆగే రేవు. చుట్టుపక్కల నేసిన బట్ట ఇంజరంలోని ఈస్టిండియా కంపెనీ కోఠీ గుండా సీమకి పోయేది. 1789లో, మళ్లీ 1839లో ఉప్పెనలు ఆ రేవుని ఊడ్చిపెట్టాయి. ఇసుక మేట వేసింది, వ్యాపారం కాకినాడకి జరిగింది. అదే కాలంలో మాంచెస్టరు బట్ట వచ్చి మగ్గాల్ని పడగొట్టింది, కంపెనీ తన కోఠీల్ని మూసేసుకుంది. 1832–33లో నందన కరువు పడింది. కోనసీమ అంటే కొబ్బరి, డెల్టా అంటే ధాన్యాగారం అన్న బొమ్మ మన మనసుల్లో ఎంత గట్టిగా పడిందంటే, అది ధవళేశ్వరం ఆనకట్ట తర్వాతి బొమ్మ అని మరిచిపోతాం. ఆనకట్ట పని మొదలైంది 1847లో, పూర్తయింది 1852లో. అంతకుముందు ఇరవై ఏళ్లలో రాజమండ్రి జిల్లా జనాభా తగ్గిపోయిందని 1844లో హెన్రీ మాంట్‌గొమరీ సర్కారుకి నివేదిక ఇచ్చాడు. నీళ్లు సముద్రంలోకి పోతున్నాయి, మనుషులు కూడా సముద్రంలోకే పోతున్నారు. 1843లో ‘కోరింగా ప్యాకెట్’ అనే ఓడ తెలుగు కూలీలను మారిషస్‌కి చేర్చింది. ఓడ పేరులోనే రేవు పేరు. అంతకుముందు తరాల్లో ఇదే తీరం నుంచి ఫ్రెంచి ఓడలు ఆ వైపు దీవులకి బానిసల్ని తీసుకుపోయాయి. సముద్రపు దారి కొత్తది కాదు, కాగితం మీద గుర్తు పెట్టించుకోవడమే కొత్త.

మారిషస్‌లో బానిసత్వం 1835 ఫిబ్రవరి 1న రద్దయింది. చెరుకు మాత్రం నరకక తప్పదు. అయిదేళ్ల ఒప్పందం, నెలకి అయిదు రూపాయల జీతం, కొలిచి ఇచ్చే బియ్యం, పప్పు, ఉప్పు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. 1834 నుంచి 20వ శతాబ్దం మొదటి దశకాల దాకా ఇలా నాలుగున్నర లక్షల మందికి పైగా భారతీయులు ఆ దీవిలో దిగారు. తెలుగువాళ్లు అందులో చిన్న పాలు. తోట యజమానులు ఫ్రెంచివాళ్లు. 1810లో దీవి లొంగిపోయినప్పుడే తమ మతం, చట్టం, ఆచారం జోలికి రాకూడదని వాళ్లు షరతు పెట్టుకున్నారు, ఇంగ్లీషువాళ్లు సరేనన్నారు. అందువల్ల కాగితాల మీద ఇంగ్లీషు, పత్రికల్లో పెద్దింటి హాళ్లలో ఫ్రెంచి, పొలంలో బజారులో ఫ్రెంచి మాటల మీద అల్లుకున్న క్రియోల్. కూలివాడికి మేస్త్రీ తిట్టు అర్థం కావాలన్నా క్రియోలే, పక్క గుడిసెలో భోజ్‌పురి మాట్లాడే ఆడమనిషిని నిప్పు అడగాలన్నా క్రియోలే. రెండు తరాలయ్యేసరికి తెలుగు రామభజనకీ, సింహాద్రి అప్పన్న పూజకీ, అమ్మోరు పండగకీ తగ్గిపోయింది. తిండి, తిట్టు, జోలపాట వేరే భాషలోకి మారాయి. యానాంలో రెండొందల ఏళ్లలో జరగనిది ఇక్కడ అరవై డెబ్భై ఏళ్లలో జరిగింది. అక్కడ ఫ్రెంచి ఉద్యోగానికి మెట్టు, ఇక్కడ దాని బిడ్డ అయిన క్రియోల్ బతకడానికి దారి. ఆ తర్వాత బడి మెట్లెక్కిన కూలీల మనవలకి క్రియోల్ నుంచి ఫ్రెంచికి దూరం పెద్దది కాలేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. మారిషస్ తెలుగువాళ్లంతా గోదావరివాళ్లు కారు. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి పోయినవాళ్లు చాలామంది. సింహాద్రి అప్పన్న పూజ అంత దూరాన నిలవడమే దానికి సాక్ష్యం. కాలం గడిచేకొద్దీ ఓడలు కోరంగిని వదిలి మద్రాసు నుంచి బయల్దేరాయి కూడా. ఇది నిజమే. ఆనంద దేవి పూర్వీకులు ఫలానా లంక నుంచి పోయారని చెప్పడం ఈ వ్యాసం పని కాదు. డెల్టాకి ఆమెతో ఉన్నది రక్తసంబంధం అనడం లేదు, రేవు సంబంధం అంటున్నాను. బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువాడు ఏ జిల్లావాడైనా అతన్ని ‘కోరంగీ’ అనే పిలిచారు. ఎక్కిన రేవు మనిషికి జాతిపేరు అయింది. పేర్ల చిట్టా పెట్టి ఊరూ కులమూ తేల్చుకునే సరదా మనకి ఎక్కువే గాని, రేవు చరిత్రకి ఆ కొలత పనికిరాదు. రేవు తన ఊరివాళ్ల చరిత్రే కాదు, తన మీదుగా పోయినవాళ్ల చరిత్ర కూడా.

ఆనంద దేవి 1957 మార్చి 23న మారిషస్ ఆగ్నేయ దిక్కున, ట్రువా బుతీక్ అనే పల్లెలో పుట్టింది. ఇంటిపేరు నిర్సింలూ, ఫ్రెంచి గుమాస్తా చేతిలో పడిన నరసింహులే అని తెలుగువాడికి వేరే చెప్పక్కర్లేదు. పదిహేనేళ్లకే ఫ్రెంచి రేడియోవారి కథల పోటీలో బహుమతి తెచ్చుకుంది, ఇరవై ఏళ్లకి ‘సోల్‌స్టిస్’ అనే తొలి కథల పుస్తకం వేసింది. లండన్‌లో సామాజిక మానవశాస్త్రం చదివి డాక్టరేటు పుచ్చుకుంది. కొన్నేళ్లు కాంగో బ్రాజవిల్‌లో ఉండి, 1989 నుంచి ఫ్రాన్సులో, జెనీవా సరిహద్దు దగ్గరి ఫెర్నే వోల్తేర్‌లో స్థిరపడి అనువాదకురాలిగా పని చేస్తూ నవలలు రాసింది. ఇవి ఆమె గురించి ఎక్కడైనా దొరికే వివరాలు. మన విమర్శకులు పట్టించుకోని వివరం ఇంకొకటి ఉంది. 1990లో మారిషస్‌లోని మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ‘ది ప్రైమోర్డియల్ లింక్’ అనే ఇంగ్లీషు పుస్తకం అచ్చు వేసింది. విషయం మారిషస్‌లో తెలుగువాళ్ల అస్తిత్వం. రాసింది ఆనంద దేవి నిర్సింలూ అనెండెన్, అంటే ఈ నవలాకారిణే. అదే 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి. ఆమెని ‘అనుకోకుండా తెలుగు మూలాలున్న ఫ్రెంచి రచయిత్రి’ అనడం అందుకే తప్పు. తన జనాన్ని ముందు శాస్త్రవేత్త కళ్లతో చదివి, ఆ తర్వాత నవలలోకి తెచ్చిన మనిషి ఆమె.

1993లో వచ్చిన ‘లె వ్వాల్ ద ద్రౌపది’ ఆ చదువుకి నేరుగా కొనసాగింపు. పేరుకి ‘ద్రౌపది ముసుగు’ అని అర్థం. అంజలి అనే చదువుకున్న ఇల్లాలు. కొడుక్కి మెదడు పొర జబ్బు. వైద్యం పని చేయడం లేదు. నువ్వు నిప్పుల గుండం తొక్కితే పిల్లాడు బతుకుతాడని భర్త దేవ్, అత్తింటి తరఫువాళ్లు ఒత్తిడి పెడతారు. మొక్కు వాళ్లది, కాళ్లు ఆమెవి. ద్రౌపది అమ్మవారి గుండం కూలీలతో పాటు ఓడెక్కి వచ్చిన ఆచారం. ఎక్కువగా తమిళులది, మనకీ పరాయిది కాదు. సముద్రం దాటి వచ్చిన పేదలకి అది ధైర్యం ఇచ్చింది. మేం పశువులం కాదు, మాకొక దేవత ఉంది అని తోట దొర ముందు నిలబడి చెప్పడానికి పనికొచ్చింది. నాలుగు తరాల తర్వాత అదే ధైర్యపు గుర్తు ఇంట్లోని ఆడదాన్ని లొంగదీసే పనిముట్టు ఎలా అయిందో ఈ నవల చూపిస్తుంది. అంజలి భక్తురాలు కాదు, నాస్తికురాలు అని తేల్చేయడం కూడా కుదరదు. బిడ్డ ప్రాణం ముందు నమ్మకం, అపనమ్మకం రెండూ ఎంత చిన్నవైపోతాయో తెలిసిన తల్లి ఆమె. వలసపోయిన జనం సంస్కృతిని అద్భుతంగా ‘కాపాడుకుంది’ అని సభల్లో చెప్పుకునే మాటకి ఇంతకన్నా నిదానమైన, పదునైన ప్రశ్న నేను ఎరుగను. కాపాడింది ఎవరు, కాపలా ఎవరి మీద?

2001లో ప్యారిస్‌లోని గాలిమార్ సంస్థ వేసిన ‘పగ్లీ’లో ఈ ప్రశ్న ఇంకా ముదిరింది. చిన్నతనంలో తనని చెరిచిన దగ్గరి బంధువుకే ఇచ్చి పెళ్లి చేసిన దయ, జిల్ అనే క్రియోల్ జాలరిని ప్రేమిస్తుంది. జాతి శుభ్రతకి కాపలా కాసే ముసలమ్మల గుంపు ఆమెకి పిచ్చిది అని ముద్ర వేస్తుంది. తెలుగు పాఠకుడికి 1927 నాటి చలం ‘మైదానం’ వెంటనే గుర్తొస్తుంది. రాజేశ్వరి అమీర్‌తో వెళ్లినట్టే దయ కూడా గీత దాటింది. చలం నవలలో దేహం, స్వేచ్ఛ ముందుంటాయి. ఇక్కడ దాటిన గీత వెనక చెరుకు తోట ఉంది: బానిసగా వచ్చినవాడి వారసుడికీ కూలీగా వచ్చినవాడి వారసురాలికీ మధ్య దొరలు గీసి, మనవాళ్లు కులం రంగు పూసి కాపాడిన గీత. 2006లో వచ్చిన ‘ఈవ్ ద సె దెకోంబ్ర్’లో తోట కూడా లేదు, పోర్ట్ లూయీ శివారులో త్రూమారోన్ అనే మురికిపేట, చెడిపోతున్న నలుగురు కుర్రకారు. ఆ నవలకి ఫ్రెంచి భాషా దేశాల ‘అయిదు ఖండాల’ బహుమతి వచ్చింది, 2012లో ఆమె భర్త, కొడుకు కలిసి దాన్ని సినిమాగా తీశారు. 2009 నాటి ‘లె సారీ వెర్’, అంటే ఆకుపచ్చ చీర, నా లెక్కలో ఆమె పుస్తకాల్లో అన్నిటికన్నా కఠినమైనది. చావుబతుకుల్లో ఉన్న డాక్టరు, పక్కన కూతురు, మనవరాలు. భార్యని ఏం చేశావని వాళ్లు నిలదీస్తుంటే కథ మొత్తం ఆ దుర్మార్గుడే చెబుతాడు. బాధితురాలి గొంతుతో రాయడం సులువు. కొట్టినవాడి గొంతులో కూర్చుని, అతని తెలివీ చమత్కారమూ అతనికే ఇచ్చి, చివరికి అతన్ని అతని మాటల్తోనే పట్టించడం తేలిక కాదు.

నవల చరిత్ర కాదుగదా అనే ఆక్షేపణకి జవాబు చెప్పాలి. 1843లో ఓడెక్కిన ఆడమనిషికి ‘పగ్లీ’ సాక్ష్యం కాదు. అది ఒప్పుకోవాల్సిందే. ఐతే సాక్ష్యం అనుకుంటున్న కాగితాల్లో ఏముంది? కూలీల రిజిస్టర్లు ఇప్పుడు అదే మోకా సంస్థలో భద్రంగా ఉన్నాయి. పేరు, నంబరు, వయసు, ఊరు, కులం, ఒంటి మీద గుర్తులు, తర్వాతి దశాబ్దాల్లో ఫొటో. తోటకి ఎన్ని చేతులు వచ్చాయో అవి చెబుతాయి. ఓడల్లో ఆడవాళ్లు మరీ తక్కువని సర్కారు తర్వాత ఇంతమంది మగవాళ్లకి ఇంతమంది ఆడవాళ్లు ఉండాలని నిబంధన పెట్టింది. అంటే ఆడది అక్కడ లెక్క సరిపెట్టే అంకె. ఇటు ఒడ్డున చూస్తే 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించాడు. అది మహత్తర ఘట్టం, సందేహం లేదు. ఆ చర్చంతా మాత్రం పెళ్లి, వైధవ్యం శాస్త్రాలతో ముడిపడిన పై కులాల ఇళ్ల చుట్టూ తిరిగింది. అవే దశాబ్దాల్లో అదే తీరం నుంచి ఓడెక్కిన మాల, మాదిగ, పల్లె, కాపు ఆడవాళ్లు సంస్కర్తల పత్రికల్లోకీ రాలేదు, మన తొలి నవలల్లోకీ రాలేదు. రెండు ఒడ్డులా మాట లేని మనుషులు వాళ్లు. ఆ మౌనం తర్వాతి తరాల్లో ఏమైందో చెప్పే ఆధారం నవలే. 1843కి కాదు, 1843 మిగిల్చినదానికి అది సాక్ష్యం.

‘మన ఆచారాల్ని తెల్లవాళ్ల భాషలో తెల్లవాళ్ల ముందు ఎండగట్టి బహుమతులు కొట్టింది’ అనే మాట కూడా వినబడుతుంది. ఇది వీరేశలింగాన్నీ చలాన్నీ అన్న మాటే, భాష పేరు మారిందంతే. యానాం పెళ్లిళ్ల చరిత్ర తెలిసిన డెల్టా ఆ మాట అనకూడదు. అంతకన్నా పెద్ద సంగతి, ఫ్రెంచి ఆమెకి తెల్లవాళ్ల భాష కాదు, పుట్టిన దీవి భాష. ఆమె ఒక్కతే కాదనడానికి నతాషా అప్పన్నా ఉంది. 1973లో మారిషస్‌లో పుట్టిన ఈమె పూర్వీకులు 1872లో ఆంధ్ర పల్లె నుంచి ఆ దీవికి చేరినవాళ్లు. 2003లో వచ్చిన తొలి నవల ‘లె రోషే ద పూద్ర్ దోర్’ నేరుగా కూలీల ఓడ గురించే. బంగారం దొరుకుతుందని నమ్మి ఎక్కినవాళ్లు చెరుకు తోటలో తేలిన కథ. 2023లో ‘లా మెమ్వార్ దెలవే’ అనే చిన్న పుస్తకంలో తన తాత, నాయనమ్మల గురించి, వాళ్ల వెనకటి ఓడ గురించి రాసింది. వెలిసిపోయిన జ్ఞాపకం అని దాని పేరుకి అర్థం. ఒక దీవి నుంచి, కొద్దిపాటి తెలుగు జనం నుంచి, ఒకే తరంలో ఇద్దరు ఫ్రెంచి నవలాకారిణులు రావడం యాదృచ్ఛికం అనలేం. ఆ ఓడలు మూటగట్టిన మౌనానికి ఆ జనంలో చదువుకున్న తొలి ఆడపిల్లలు చెప్పిన సమాధానం అది.

ఆనంద దేవిని తెలుగు రచయిత్రి అని ఊరేగించమని ఇదంతా కాదు. ఆమె తనని ఏ ఒక్క జాతి పెట్టెలోనూ పెట్టనివ్వని రచయిత్రి. ‘సూపీర్’ రోడ్రిగ్స్ దీవి కథ, ‘ఇండియన్ టాంగో’ ఢిల్లీ కథ, 2021లో ‘ఫెమినా దె లిసెయాన్’ బహుమతి పొందిన ‘లె రీర్ దె దెయెస్’ ఉత్తరాది హిజ్రాల కథ. 2024 సంవత్సరానికి అమెరికాలోని ఓక్లహామా విశ్వవిద్యాలయం ఆమెకి న్యూస్టాట్ అంతర్జాతీయ పురస్కారం ఇచ్చింది. 1988లో భారతీయ ఇంగ్లీషు నవలాకారుడు రాజారావుకి వచ్చింది అదే. ఇలాంటివి వచ్చినప్పుడు ‘మన తెలుగు బిడ్డ’ అని ఒకరోజు సంబరపడి పుస్తకం మాత్రం తెరవకపోవడం మనకి అలవాటు. బహుమతి మనది కాదు, పుస్తకం మాత్రం మన చరిత్రకి అవసరం. రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ పేరిట విశ్వవిద్యాలయం ఉంది, బొమ్మూరులో తెలుగు విశ్వవిద్యాలయం సాహిత్య పీఠం ఉంది, యానాం ఏ పాలన కింద ఉందో ఆ పుదుచ్చేరిలో ఫ్రెంచి శాఖ ఉన్న కేంద్ర విశ్వవిద్యాలయం ఉంది. ఇంగ్లీషు మీదుగా కాకుండా ఫ్రెంచి నుంచి నేరుగా ‘లె వ్వాల్ ద ద్రౌపది’ని తెలుగు చేయించడం ఈ మూడూ కలిస్తే కష్టమైన పని కాదు. ‘ది ప్రైమోర్డియల్ లింక్’ని గోదావరి జిల్లాల చరిత్ర చదివే విద్యార్థికి పాఠ్యంగా పెట్టడానికైతే అనువాదం కూడా అక్కర్లేదు. చేయగలిగినవాళ్లు ఈ రెండు పుస్తకాలతో మొదలుపెట్టాలి.